ఖాళీ సీటు ఖర్చు ఎవరిది?

 

మన సంఘం యాభయ్యేళ్ళ పండుగకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు నాకు వెంటనే ఒక పాత బాకీ గుర్తొచ్చింది. 2007 చివర్లో మన వార్షిక సంచికకు నేనొక వ్యాసం రాశాను. ఆ ఏడాది అక్టోబరు 25న సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఏ380 మొదటిసారి ప్రయాణికులతో సింగపూర్ నుంచి సిడ్నీకి ఎగిరింది. రెండంతస్తుల మేడ, నాలుగు ఇంజన్లు, అయిదు వందలమందికి పైగా పట్టే సామర్థ్యం. మెకానికల్ ఇంజనీర్ని కదా, ఒళ్ళు పులకరించింది. సీటుకయ్యే ఖర్చు ఎలా తగ్గుతుందో లెక్క కట్టి, ఇక ఆకాశం పెద్ద విమానాలదేనని, ఇరవయ్యేళ్ళలో మిగతావి పక్కకు తప్పుకుంటాయని తీర్మానించాను.

సంచిక వచ్చిన వారానికి మన లెక్కల మాస్టారి దగ్గర్నుంచి పోస్టు కార్డు వచ్చింది. మాస్టారి దస్తూరీ మీ అందరికీ తెలుసు, ముత్యాల కోవ. నాలుగే వాక్యాలు. "చిరంజీవికి ఆశీస్సులు. వ్యాసం బాగుంది. సీటు ఖర్చు చక్కగా లెక్క కట్టావు. ఖాళీ సీటు ఖర్చు ఎవరి ఖాతాలో రాశావు?"

ఆ కార్డుకు నేను జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియక కాదు. మాస్టారికి పెద్ద విమానాల సంగతి ఏం తెలుసులే అన్న చిన్న అహం. ఆ అహం కరగడానికి పన్నెండేళ్ళు పట్టింది. 2019 ఫిబ్రవరి 14న, ఏ380 తయారీ ఆపేస్తున్నామని ఎయిర్‌బస్ ప్రకటించింది. అందులో నాకు మరీ గుచ్చుకున్నది ఇంకొకటి. నా వ్యాసంలో నేను ఆకాశానికెత్తిన ఆ మొట్టమొదటి విమానం, సిడ్నీకి ఎగిరిన ఆ విమానమే, పదేళ్ళు తిరిగి అద్దె గడువు ముగిశాక కొనే నాథుడు లేక, ఫ్రాన్సులో టార్బ్ అనే ఊళ్ళో ముక్కలు ముక్కలైంది. సాధారణంగా పెద్ద విమానం పాతికేళ్ళు పనిచేస్తుంది. ఇది పదేళ్ళకే పాత సామాను కింద పోయింది.

ఎందుకిలా జరిగింది? మాస్టారి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివిన చరిత్ర ఇది.

పెద్దదనం మీద మోజు కొత్తది కాదు

1929లో జర్మనీకి చెందిన డోర్నియర్ సంస్థ డో ఎక్స్ అనే నీటి విమానాన్ని తయారు చేసింది. దానికి పన్నెండు ఇంజన్లు. ఆ ఏడాది అక్టోబరులో ఒక ప్రదర్శనలో 169 మందిని ఎక్కించుకుని లేచింది. ఆ రోజుల్లో అది ప్రపంచానికే వింత. తర్వాత న్యూయార్క్ బయల్దేరింది. దారిలో మంటలు, మరమ్మతులు, మజిలీలు అన్నీ దాటుకుని చేరేసరికి సుమారు పది నెలలు పట్టింది. మొత్తం మూడే తయారయ్యాయి. ఒక్కటీ రోజువారీ ప్రయాణికుల సర్వీసులో నిలబడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ వంతు. లండన్ నుంచి న్యూయార్క్‌కు ఎక్కడా ఆగకుండా వెళ్ళే మహా విమానం కావాలని ప్రభుత్వమే పూనుకుని బ్రిస్టల్ కంపెనీ చేత బ్రాబజాన్ కట్టించింది. రెక్కల వెడల్పు 70 మీటర్లు. అంటే తర్వాత వచ్చిన బోయింగ్ 747 కన్నా ఎక్కువ. కాని అందులో కూర్చునేది వందమంది మాత్రమే! విమానం ఎక్కేది డబ్బున్న దొరలే కదా, వాళ్ళకు విశాలంగా ఉండాలని లెక్క. దాని రన్‌వే కోసం ఫిల్టన్ దగ్గర చార్ల్‌టన్ అనే పల్లెను ఖాళీ చేయించి నేలమట్టం చేశారు. 1949 సెప్టెంబరులో విమానం ఎగిరింది. ఒక్క విమాన సంస్థా కొనలేదు. 1953లో తుక్కు చేశారు. ఊరూ పోయింది, విమానమూ పోయింది.

ఈ రెండు కథల్లోనూ ఇంజనీర్ల తప్పు పెద్దగా లేదు. ఇద్దరూ చెప్పినంత పెద్దది చేసి చూపించారు. ఎవరెక్కుతారు, రోజుకు ఎంతమంది ఎక్కుతారు అన్న లెక్క ముందుగా వెయ్యలేదు, అంతే.

747: అదృష్టమా, తెలివా?

"మరి 747 సంగతేమిటి? అది పెద్దదే కదా, యాభయ్యేళ్ళు ఏలింది కదా" అని మీరు అడుగుతారు. 2007లో నా వాదనకు మూలస్తంభం కూడా అదే. కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం.

1960లలో విమాన ప్రయాణాలు ఏటికేడాది పెరిగిపోతున్నాయి. పాన్ అమెరికన్ సంస్థ అధిపతి హువాన్ ట్రిప్, అప్పటి 707కు రెండున్నర రెట్లు పట్టే విమానం కావాలని బోయింగ్ అధిపతి బిల్ ఆలెన్ వెంటపడ్డాడు. 1966 ఏప్రిల్‌లో 25 విమానాలకు 52.5 కోట్ల డాలర్ల ఆర్డరు ఇచ్చాడు. విమానం కాగితం మీద కూడా పూర్తిగా లేదు. దాన్ని కట్టడానికి తగిన ఫ్యాక్టరీ కూడా లేదు. బోయింగ్ సియాటిల్ దగ్గర ఎవరెట్‌లో అడవి కొట్టించి ఫ్యాక్టరీ లేపుతూ, ఇంకోపక్క జో సటర్ నాయకత్వంలో విమానం గీయించింది. 1969 ఫిబ్రవరి 9న మొదటిసారి ఎగిరింది. 1970 జనవరి 22న న్యూయార్క్ నుంచి లండన్‌కు ప్రయాణికులతో వెళ్ళింది.

అక్కడితో కథ సుఖాంతం అనుకుంటాం. నిజానికి కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. అమెరికాలో ఆర్థిక మాంద్యం, ప్రయాణికులు పలచబడ్డారు. సగం ఖాళీగా ఎగిరే విమానంలో ఆ చోటు ఏం చెయ్యాలో తోచక కొన్ని సంస్థలు సీట్లు పీకి లాంజీలు పెట్టాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అయితే ఏకంగా పియానో పెట్టించింది. ఖాళీ సీట్ల స్థానంలో పాటకచ్చేరీ అన్నమాట! 1973లో చమురు ధరలు మండాయి. బోయింగ్ అప్పుల్లో మునిగింది. 747 ఖర్చుకు తోడు సూపర్‌సోనిక్ విమాన పథకం రద్దవడంతో, సియాటిల్ ప్రాంతంలో లక్ష దాకా ఉన్న ఉద్యోగులు 1971 నాటికి 40 వేల లోపుకు పడిపోయారు. ఎవరి పట్టుదల వల్ల ఈ విమానం పుట్టిందో ఆ పాన్ అమెరికన్ సంస్థ కూడా ఆ అప్పుల బరువు నుంచి పూర్తిగా తేరుకోలేకపోయింది. ఇంకా అనేక దెబ్బలు తిని 1991 డిసెంబరులో మూతపడింది.

అయినా 747 నిలబడింది. మొత్తం 1,574 తయారయ్యాయి. ఎందుకు? నా జవాబు రెండు ముక్కల్లో చెబుతాను. ఒకటి, దూరం. అప్పట్లో మహాసముద్రాలు దాటి అంత దూరం వెళ్ళగల విమానాలు తక్కువ. చాలా సంస్థలు 747 కొన్నది అందులో నాలుగు వందల సీట్లున్నందుకు కాదు, అది తప్ప గత్యంతరం లేనందుకు. ఎయిర్ ఇండియా 1971లో తన మొదటి 747కు 'ఎంపరర్ అశోక' అని పేరు పెట్టి, కిటికీల చుట్టూ రాజస్థానీ ఝరోఖాలు రంగులతో గీయించి తెచ్చుకున్నదీ అందుకే. లండన్, న్యూయార్క్ దారుల్లో నిలబడాలంటే అదే కావాలి.

రెండోది, సరుకు. రేపో మాపో ప్రయాణికులంతా సూపర్‌సోనిక్ విమానాలెక్కుతారని ఆ రోజుల్లో అందరి నమ్మకం. అప్పుడు 747ను సరుకు రవాణాకు వాడుకోవాలని ముందే ఆలోచించి, ముక్కు పైకి తెరుచుకునేలా పైలట్ల గదిని ఎత్తున పెట్టారు. ఆ గూని అందుకే వచ్చింది. సూపర్‌సోనిక్ జోస్యం తప్పింది గాని ఆ గూని మాత్రం చివరిదాకా అన్నం పెట్టింది. చివరి రకమైన 747-8లు 155 తయారైతే వాటిలో 107 సరుకు విమానాలే. 2023 జనవరి 31న అప్పగించిన ఆఖరి 747 కూడా సరుకుదే.

అంటే 747ను గెలిపించింది కేవలం దాని సైజు కాదు. దూరం, సరుకు, పోటీ లేకపోవడం, ఈ మూడూ కలిసి గెలిపించాయి. నేను 2007లో దాని సైజు ఒక్కటే చూశాను. నాకు తోడుగా ఎయిర్‌బస్‌లోని మహామహులు కూడా అదే చూశారన్నది నాకు చిన్న ఓదార్పు.

ఏ380 పుట్టుక

1990లలో ఎయిర్‌బస్ మనసులో ఒక ముల్లు ఉండేది. మిగతా అన్ని సైజుల్లోనూ బోయింగ్‌తో పోటీ పడుతున్నారు, 747 దగ్గర మాత్రం వాళ్ళ చేతిలో ఏమీ లేదు. కొన్నాళ్ళు ఇద్దరూ కలిసి ఒక మహా విమానం కడదామని అధ్యయనాలు కూడా చేశారు. అది కుదరలేదు. విడిపోయాక ఇద్దరికీ భవిష్యత్తు రెండు రకాలుగా కనిపించింది.

ఎయిర్‌బస్ లెక్క ఇది. ప్రయాణికులు పదిహేనేళ్ళకోసారి రెట్టింపవుతారు. లండన్ హీత్రూ లాంటి చోట రెండే రన్‌వేలు, కొత్తది కట్టనివ్వరు. కాబట్టి పెద్ద నగరం నుంచి పెద్ద నగరానికి పెద్ద విమానం, అక్కడి నుంచి చిన్న ఊళ్ళకు చిన్న విమానం. ఇలాంటి మహా విమానాలు ఇరవయ్యేళ్ళలో వెయ్యికి పైగా అవసరమవుతాయని వాళ్ళ అంచనా.

బోయింగ్ లెక్క వేరు. జనం పెరిగేమాట నిజమే గాని, మధ్యలో దిగి మారడం ఎవరికీ ఇష్టం ఉండదు. మధ్యరకం విమానానికి దూరం వెళ్ళే శక్తి ఇస్తే, సంస్థలు నేరుగా ఊరి నుంచి ఊరికి నడుపుతాయి.

2000 డిసెంబరు 19న ఎయిర్‌బస్ ఏ380 పథకాన్ని అధికారికంగా ప్రారంభించింది. తొలి అంచనా ఖర్చు 1,070 కోట్ల డాలర్లు. చివరికి అది ఎక్కడికో పోయింది.

ఇంజనీర్‌గా చెబుతున్నాను, దాన్ని కట్టిన తీరు మాత్రం అద్భుతం. రెక్కలు వేల్స్‌లోని బ్రాటన్‌లో, శరీర భాగాలు జర్మనీలోని హాంబర్గ్‌లో, తోక భాగం స్పెయిన్‌లో తయారై ఓడల మీద ఫ్రాన్సు చేరేవి. అక్కడి నుంచి పడవల మీద గరోన్ నదిలో పైకి, ఆ పైన రాత్రిపూట భారీ లారీల మీద పల్లెల మధ్య నుంచి టూలూజ్‌కు. ఇళ్ళ కిటికీలకు జానెడు దూరంలో రెక్క వెళుతుంటే జనం వీధుల్లో నిలబడి చూసేవారట. మనకు రథోత్సవం ఎలాగో వాళ్ళకు అది అలాగ.

దెబ్బ తగిలింది వైర్ల దగ్గర. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల వైరింగు. హాంబర్గ్ వాళ్ళు ఒక కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వాడుతుంటే, టూలూజ్ వాళ్ళు కొత్త వెర్షన్ వాడారు. తీరా బిగించబోతే వైర్లు పొట్టివై అందలేదు. చేత్తో విప్పి చేత్తో మళ్ళీ వేసుకోవలసి వచ్చింది. దాదాపు రెండేళ్ళ ఆలస్యం. ఈలోగా సరుకు రకానికి ఆర్డరిచ్చిన ఫెడెక్స్, యూపీఎస్ ఓపిక నశించి రద్దు చేసుకున్నాయి. 747కు చివరిదాకా అన్నం పెట్టిన ఆ సరుకు దారి ఏ380కు పుట్టకముందే మూసుకుపోయింది.

మాస్టారి లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. తరగతిలో మాస్టారు చేయించినట్టే చేద్దాం. ఇవి నిజం అంకెలు కావు, లెక్క కోసం అనుకున్నవి.

300 సీట్ల విమానం ఒక ట్రిప్పుకు 60 లక్షల ఖర్చు అనుకుందాం. సీటుకు 20,000. 500 సీట్ల విమానం ట్రిప్పుకు 90 లక్షలు. సీటుకు 18,000. పెద్దదానిలో సీటుకు 2,000 ఆదా. నేను 2007లో ఇక్కడే ఆగి చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న. ఆ రోజు వచ్చింది 350 మందే అయితే? పెద్ద విమానంలో మనిషికి దాదాపు 25,700 పడుతుంది. చిన్న విమానం 300 మందిని నింపుకుని, 20,000 చొప్పున హాయిగా వెళ్ళిపోతుంది. పెద్దది నిండుగా వెళ్ళే చిన్నదాంతో సమానం కావాలంటే 450 మంది ఎక్కాలి. అంటే నూటికి తొంభై సీట్లు నిండాలి. అదీ పండగ రోజుల్లోనే కాదు, ఏడాది పొడుగునా, రాకకూ పోకకూ. ఆ చివరి వందమందిని రప్పించడానికి టికెట్ ధర తగ్గించామా, సీటుకు మిగిలిన ఆ 2,000 అక్కడికక్కడే చెల్లు.

మన ఊళ్ళో ఇది అందరికీ తెలిసిన సంగతే. గుంటూరు వెళ్ళే బస్సులో తలకయ్యే ఖర్చు ఆటోకన్నా తక్కువే. అయినా మన బస్టాండు బయట షేర్ ఆటోలు ఎందుకు నిండుతాయి? నిమిషానికొకటి కదులుతుంది కాబట్టి. రోజుకు ఒక్క పెద్ద విమానం కన్నా పొద్దునొకటి, సాయంత్రమొకటి వెళ్ళే రెండు మధ్యరకం విమానాలు ప్రయాణికులకు నచ్చుతాయి. ఎక్కువ ధర పెట్టి టికెట్ కొనే వ్యాపారస్తులకు ఇంకా నచ్చుతాయి.

ఇందులో మాస్టారు బోర్డు మీద గీసిన ఘనం లెక్క కూడా ఉంది. భుజాన్ని రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు. విమానాన్ని మోసేది రెక్కల వైశాల్యం, మోయాల్సిన బరువు పెరిగేది ఘనపరిమాణంతో. కాబట్టి సైజు పెరిగేకొద్దీ రెక్కలు, కాళ్ళు, చక్రాలు అన్నీ మరింత దిట్టంగా చెయ్యాలి. పైగా విమానాశ్రయాల్లో పట్టాలంటే వెడల్పు 80 మీటర్లు దాటకూడదు. అంత బరువైన విమానానికి ఇంకా పొడుగ్గా, సన్నగా ఉండే రెక్క కావాలి. హద్దు వల్ల పొట్టిగా, వెడల్పుగా చెయ్యవలసి వచ్చింది. పైగా మున్ముందు ఇంకా పొడుగాటి రకం చేద్దామని ఆ రెక్కను ముందే దిట్టంగా కట్టారు. ఆ పొడుగాటి రకం ఎన్నడూ రాలేదు. పెళ్ళికొడుకు ఎదుగుతాడని రెండు సైజులు పెద్ద చొక్కా కుట్టించినట్టయింది.

ఇంకొకటి, సామాను. రెండంతస్తుల జనం బ్యాగులన్నీ కిందున్న ఒకే అంతస్తులో పెట్టాలి. అయిదు వందల మంది, మనిషికి రెండు పెట్టెలు. మన అమెరికా ప్రయాణాల్లో ఊరగాయ జాడీలతో సహా ఎంత బరువు వేస్తామో మీకు చెప్పనక్కర్లేదు. ఆ బ్యాగులు పెట్టాక డబ్బులు తెచ్చే సరుకుకు మిగిలే చోటు తక్కువ. ఒకే అంతస్తున్న బోయింగ్ 777-300ఈఆర్ ఆ విషయంలో దీనికన్నా నయం.

రెండు ఇంజన్లు వచ్చి నాలుగింటిని ఓడించాయి

అసలు పోటు పొడిచింది ఇంజన్లు. ఒకప్పుడు అమెరికా నిబంధనల ప్రకారం రెండు ఇంజన్ల విమానం ఎప్పుడూ ఏదో ఒక విమానాశ్రయానికి గంట దూరంలోనే ఎగరాలి. ఒక ఇంజన్ చెడితే రెండోదాంతో దిగాలి కదా. అందుకే మహాసముద్రాల మీద మూడు, నాలుగు ఇంజన్లవే రాజ్యం. ఇంజన్ల నమ్మకం పెరిగేకొద్దీ 1985లో ఆ హద్దును రెండు గంటలకు, 1988లో మూడు గంటలకు పెంచారు. దాంతో సముద్రాలన్నీ రెండు ఇంజన్లకు తెరుచుకున్నాయి.

1995లో బోయింగ్ 777 వచ్చింది. 2004లో దాని పొడుగాటి రకం 777-300ఈఆర్ వచ్చింది. అంటే ఏ380 మొదటిసారి ఎగరకముందే దాన్ని ఓడించే విమానం సర్వీసులో ఉంది! 2011లో 787, 2015లో ఎయిర్‌బస్ సొంత ఏ350 వచ్చాయి. ఇంజన్లు కొత్త తరానివి, శరీరం కార్బన్ ఫైబర్‌ది. పెద్ద విమానం సైజుతో సంపాదించిన ఆదాను ఇవి సైజు పెరగకుండానే సంపాదించాయి. రెండు ఇంజన్లకు చేసే మరమ్మతు ఎక్కడ, నాలుగింటికి చేసేది ఎక్కడ! నింపాల్సిన సీట్లూ తక్కువే. ఇక పెద్దది ఎందుకు కొంటారు?

251 విమానాలతో ఏ380 కథ ముగిసింది. పద్నాలుగు సంస్థలు కొన్నాయి. అమెరికాలో ఒక్క ప్రయాణికుల సంస్థా కొనలేదు. మన దేశంలో 2005లో కింగ్‌ఫిషర్ అయిదింటికి ఆర్డరిచ్చింది గాని ఒక్కటీ రాలేదు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఈ ఏనుగు మాత్రం బతికుండగా కొనేవాడు దొరక్క, విడిభాగాలుగానే ఎక్కువ ధర పలికింది.

ఎమిరేట్స్ ఎలా నెగ్గింది?

అలాగని పెద్ద విమానం ఎక్కడా గిట్టుబాటు కాదనడం కూడా తప్పే. తయారైన 251లో 123 ఒక్క ఎమిరేట్స్ సంస్థే కొంది. ఇప్పటికీ వాటితోనే లాభాలు చేస్తోంది. ఊరందరిదీ ఒక దారి అయితే దీనిది వేరే దారి. ఎందుకంటే దుబాయ్ పటంలో ఉన్న చోటు అలాంటిది. ఒకపక్క మనదేశం, ఇంకోపక్క యూరప్, అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా. విమానాశ్రయం ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. ఏ380ల కోసమే ప్రత్యేకంగా ఒక కాన్‌కోర్స్ కట్టి 2013లో తెరిచారు. వందకు పైగా ఒకే రకం విమానాలుంటే పైలట్లు, విడిభాగాలు, మెకానిక్కుల ఖర్చు పంచుకుపోతుంది. అయిదారు విమానాలు కొని మురిసినవారికి ఆ వీలు లేదు.

జపాన్ ఇంకో ఉదాహరణ. టోక్యో హనేడా విమానాశ్రయంలో దిగడానికి సమయం దొరకదు. జనం మాత్రం కిటకిట. అందుకే 1973 నుంచీ గంటా గంటన్నర ప్రయాణాలకు కూడా 747లు నడిపారు. దేశీయ రకంలో అయిదు వందలకు పైగా సీట్లు. 2014 దాకా అవి తిరిగాయి. అక్కడ జనానికి కొరత లేదు.

మన తెలుగువాళ్ళకూ ఈ కథలో చిన్న పాత్ర ఉంది. 2014 జనవరిలో మన దేశం ఏ380లను అనుమతించినప్పుడు, వాటిని దింపగల నాలుగు విమానాశ్రయాల్లో శంషాబాద్ ఒకటి. అయినా మొదట అవి వచ్చింది ఢిల్లీ, ముంబయిలకు. హైదరాబాదు నుంచి మనవాళ్ళు మధ్యరకం విమానంలో దుబాయ్ వెళ్ళి, అక్కడ ఏ380 ఎక్కి న్యూయార్క్ వెళ్ళారు. అంటే ఎయిర్‌బస్ ఊహించినట్టే! నేనూ మా అమ్మాయిని చూడ్డానికి అలాగే వెళ్ళాను. అంత నిశ్శబ్దంగా ఉన్న విమానం నేను ఎక్కలేదు. అదే సమయంలో 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి చికాగోకు నేరుగా 777 నడిపినప్పుడు మన పెద్దవాళ్ళు ఎంత సంబరపడ్డారో కూడా చూశాను. మోకాళ్ళ నొప్పులతో మధ్యలో దిగి, మారి, గేటు వెతుక్కునే పని లేదు. ఆ సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు గాని, జనానికి ఏది కావాలో చెప్పింది. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డరిస్తే అందులో నాలుగు ఇంజన్లది ఒక్కటీ లేదు.

కోవిడ్ తర్వాత మూలన పడ్డ ఏ380లు కొన్ని మళ్ళీ ఎగురుతున్నాయి. లుఫ్తాన్సా, ఎతిహాద్ 2023లో తిరిగి బయటికి తీశాయి. ప్రయాణికులు తిరిగొచ్చారు, కొత్త విమానాలు సమయానికి రావడం లేదు. 2020లోనే రావాల్సిన బోయింగ్ 777-9 ఈ వ్యాసం రాసేనాటికి ఇంకా ఎవరికీ అందలేదు. అన్నట్టు, ఆ 777-9 రెక్కల చివర్లు నేల మీద పైకి మడుచుకుంటాయి. గాలిలో దాదాపు 72 మీటర్లు, గేటు దగ్గర 65 లోపు. విమానానికి తగ్గట్టు విమానాశ్రయాన్ని మార్చమనకుండా, ఉన్న చోటులో ఒదిగేలా విమానాన్ని మార్చారు. ఏ380 నేర్పిన పాఠం అదేననిపిస్తుంది.

మాస్టారికి

మాస్టారూ, పద్దెనిమిదేళ్ళు ఆలస్యంగా మీ కార్డుకు జవాబు రాస్తున్నాను.

ఖాళీ సీటు ఖర్చు నేను ఎవరి ఖాతాలోనూ రాయలేదండీ. అది ఖర్చని నాకు తోచనే లేదు. ఆ వ్యాసం రాసిన మరుసటి ఏడాదే, నేను పనిచేసే ఫ్యాక్టరీలో మూడు చిన్న కంప్రెషర్ల బదులు ఒక్క పెద్దది కొనమని నేనే వాదించి ఒప్పించాను. యూనిట్‌కు కరెంటు ఖర్చు తక్కువని పట్టిక వేసి చూపించాను. ఆ ఏడాది ఆర్డర్లు తగ్గాయి. సగం గాలి కూడా అవసరం లేక, పెద్ద మెషీను సగం బరువుతో తిరుగుతూ కరెంటు తాగింది. అది చెడిపోయిన రోజు ఫ్యాక్టరీ మొత్తం ఆగింది. నలభై మంది షిఫ్టు మనుషులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు మీ కార్డు గుర్తొచ్చింది. అయినా జవాబు రాయడానికి ముఖం చెల్లలేదు.

పెద్ద విమానం గిట్టుబాటవుతుందా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నా జవాబు ఇది. దిగడానికి చోటు కరువైన చోట, నాలుగు దిక్కుల జనం ఒక్కచోట కలిసే చోట, రోజూ నిండే దారిలో, ఒకే రకం విమానాలు వందల్లో ఉన్నవాడికి గిట్టుతుంది. మిగతావారికి అది గొప్ప కోసం కట్టిన ఏనుగు. సీటు ఖర్చు కాగితం మీద తయారీదారు చెబుతాడు. ఖాళీ సీటు ఖర్చు మాత్రం ప్రతి రాత్రీ విమానం నడిపేవాడే కడతాడు.

ఈ స్వర్ణోత్సవానికి మీరు వస్తున్నారని తెలిసింది. ఎనభై దాటిన మీకు ప్రయాణం కష్టం. అయినా వస్తే, మొదటి వరుసలో మీ పక్క కుర్చీ నాకోసం ఆపించండి. అది ఖాళీగా ఉంచను.

— 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి